ఇనుము లెక్క

ఏడున్నరకి తలుపు తీస్తాను.
వయాలా ఊళ్ళో ఎర్రదుమ్ము నాకన్నా ముందే వచ్చి
కిటికీ అంచున కూర్చుని ఉంటుంది,
పరగడుపున వచ్చిన మొదటి మనిషిలా.

నీలం మూత ముందు, తర్వాత పసుపు,
ఆపైన ఊదా, చివర బూడిద రంగు.
వరస తప్పితే నెత్తురు అబద్ధమాడుతుంది.

చెయ్యి చాపాక అందరూ ఏదో ఒకటి అడుగుతారు.
"అంత తీసేస్తే మళ్ళీ ఊరుతుందా?"
ఊరుతుందమ్మా, నాలుగు చెంచాలేగా.
"ఇంత నల్లగా ఉందేం?"
గుండెకి తిరిగెళ్ళే దారిలో ఉంది,
ఇంకా గాలి తాగలేదు.
"మా ఆయన పాజిటివ్, నేను నెగటివ్,
అందుకేనా మాకు పడదు?"
దానికి నా దగ్గర ట్యూబు లేదు.

ఆరేళ్ళ టిల్లీ మోచేతి మడతలో వేలు పెట్టి చూపించింది:
"లోపలంతా నీలమే. నేను కటిల్‌ఫిష్‌నా?"
చలికాలం పాయింట్ లోలీ రాళ్ళ దగ్గరికి
అవి వేలకి వేలు జత కట్టడానికి వస్తాయి.
ఒక్కోదానికి మూడు గుండెలు. నెత్తుట్లో రాగి.
నీది ఇనుమేనే తల్లీ, చూడు, అని సూది దించాను.
ఏడవలేదు. ఎర్రగా వచ్చినందుకు
కాస్త చిన్నబుచ్చుకుంది.

మంగళవారం డెస్మండ్ కీల్టీ.
నలభై ఒక్క ఏళ్ళు ఉక్కు ఫ్యాక్టరీలో.
ఒంట్లో ఇనుము పేరుకుపోయింది,
ఫెరిటిన్ పద్దెనిమిది వందలు.
"పనిచేసిన చోట దొంగిలించానంటారు మావాళ్ళు."
నవ్వుతాడు. వేలి కణుపులు సలిపితే
నవ్వు సగంలో ఆగుతుంది.
ఫ్యాక్టరీది కాదు తప్పు.
అమ్మ ఒక పాలు, నాన్న ఒక పాలు,
ఇద్దరూ తెలియకుండా రాసిచ్చిన ఆస్తి.
అర లీటరు సంచీ తూనిక మీద బరువెక్కుతుంది,
పట్టుకుంటే నిద్రపోతున్న పిల్లిలా వెచ్చగా.

"ఎవరికన్నా ఎక్కిస్తారా దీన్ని?"
మీరు వాడే మందులతో కుదరదు, డెస్.
"మరి?"
పసుపు డబ్బా వైపు చూశాను.
అతనూ చూశాడు.
"ఇనుము అమ్ముకు బతికే ఊళ్ళో," అన్నాడు, అంతే.

చేతి తొడుగులు తీస్తుంటే నా గోళ్ళు చూశాడు.
చెంచాల్లా గుంటలు పడ్డ గోళ్ళు.
"కొలిమిలో రంగు చూసి వేడి చెప్పేవాణ్ణి.
నీ రంగు బాలేదు పిల్లా. నీదెవరు తీస్తారు?"

రోజుకి అరవై మందికి జవాబు చెప్పేదాన్ని,
దూది మీద టేపు అంటించి
గట్టిగా నొక్కి పట్టుకోండి అన్నాను.

నా కాగితం సొరుగులోనే ఉంది: ఏడు.
పద్దెనిమిది వందలు కాదు. ఏడు.

మూడో తరగతిలో పలక మీద రాసినదానికన్నా
తిన్న బలపమే ఎక్కువ.
కనకరత్నం టీచరు నోరు తెరిపించి
వేలు పెట్టి తీసేది.
పిన్ని నా వేళ్ళకి వేపాకు రసం రాసింది.
చేదుతోనే తిన్నాను.
చేటలో బియ్యం పోస్తే ఒక గుప్పెడు నాది,
తొలకరికి తడిసిన మట్టిగోడ పెళ్ళ ఒకటి నాది.
పాడలవాటన్నారు, దిష్టన్నారు, పురుగులన్నారు.
అడుగుతున్నది నేను కాదనీ
నెత్తురనీ ఎవరికీ తట్టలేదు.
దానికి మాటలు రావు,
దొరికిన బలపం పట్టుకుంది.

ఇప్పుడు ఐసుముక్కలు.
మధ్యాహ్నం కరకరా నములుతుంటే
"పళ్ళరిగిపోతాయి సువర్చలా" అంటుంది షెరిల్,
నా పేరుని మూడుచోట్ల విరిచి.
మాత్రలు తెచ్చుకుని నెలైంది. నారింజ రసంతో వెయ్యాలి,
టీతో వెయ్యకూడదు; ఇదంతా వచ్చినవాళ్ళకి నేనే చెబుతాను.

అయిదింటికి డబ్బాకి సీలు వేశాను.
తడిగుడ్డతో కిటికీ అంచు తుడిచాను.
ఎర్రదుమ్ము తడిసింది.
వాసనొచ్చింది.

గుడ్డ చేతిలో ఉండగానే
నోరూరింది.