పద్నాలుగు డైలాగుల గురువు

కొండాపూర్‌లో పరుపుల షోరూమ్ మీద మూడో అంతస్తు.
అక్కడ నేనొక ముసలాయన్ని చంపాలె,
ఆట మొదలైన పదిహేడో నిమిషంల.
బుధవారం లోపు.

ఆయనకు దక్కినవి పద్నాలుగు డైలాగులు.
అందుల మూడు కత్తి ఎట్ల పట్టాల్నో చెప్పేటివి,
ఒకటి "నా కాలం అయిపోయింది బిడ్డా".
గడ్డం కమ్మరి పాత్రది, అరువు.
చేతికర్ర ఎవరో గొర్లకాపరిది.
కూర్చునే యానిమేషన్‌కు బడ్జెట్ లేదు గనుక
ఆర్నెల్లుగా నిలబడే ఉన్నడు పాపం
నా స్క్రీన్ మీద, మంచుకొండ ముందట,
ఊపిరి మాత్రం తీసుకుంట.

హీరోకు ఇరవై రెండు పేజీలు.
చిన్నప్పటి భయం, తప్పిపోయిన చెల్లె,
ఎడమ భుజం మీది మచ్చకు సుత ఒక కథ.
గురువు ఫారంల "కోరిక" అన్న గడిలో
నాకంటే ముందు ఎవరో రాసిపోయిన్రు:
హీరోకు నేర్పడం.

అంతేనా, అని అడిగిన.
హీరో రాకముందు ఈయన పొద్దున లేచి ఏం చేసేటోడు?
మోకాళ్ల నొప్పికి ఏం రాసుకునేటోడు? ఎవరి మీద అలిగిండు?
"ఆడేటోళ్లకు అదంతా ఎందుకు సుచరితా" అన్నడు విక్రాంత్.
"కత్తి ఇయ్యాలె, దీవించాలె, పోవాలె.
ఒక్కసారి ఏడిపిస్తే చాలు."
చెడ్డోడు కాదు. జీతాలు ఒకటో తారీఖునే వేస్తడు.

ఆ రాత్రి ఖాళీ గడులు నింపుదామని
మాణిక్‌రావు సార్‌ను పిలుచుకున్న.
చిక్కడపల్లిల ప్రెస్సు మెట్ల కింది గది,
నాలుగేండ్లు ఆయన ఎదురుంగ స్టూలు మీద నేను.
ఎర్ర రీఫిల్‌తోని నా వాక్యాలకు నడుము సరిచేసినోడు.
"విశేషణం అంటే అప్పు బిడ్డా, మిత్తి కట్టాల్సొస్తది"
అనుకుంట, మిర్చిబజ్జీ నూనె ప్రూఫు కాయితానికే తుడిచేటోడు.

వయసు: తెల్వదు.
పుట్టిన ఊరు: నారాయణఖేడ్ దిక్కు ఏదో.
ఇంట్లో ఎవరు: టిఫిన్ డబ్బా అయితే వచ్చేది. ఎవరు కట్టేటోళ్లో.
కోరిక:

కర్సర్ మిణుకు మిణుకుమన్నది, చాలాసేపు.

నాలుగేండ్లు. నేను అడిగినవన్నీ నా గురించే.
నా కథ బాగున్నదా సార్. నాకు నౌకరి వస్తదా సార్.
ఆయన పోయిండని తెలిసింది కూడా
రెండు నెలల తర్వాత, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సిగ్నల్ కాడ.
పచ్చలైటు పడ్డది. బండి కదిలించిన.
విక్రాంత్‌ను ఏమని అనాలె?
కత్తి తీసుకొని ముందుకు పోయినదాన్ని నేను.

ఒక్కటి యాదికుంది.
ఒకపారి ఫోనొచ్చి మెట్ల మీదికి పోయిండు.
తిరిగొచ్చి అద్దాలు తుడిచిండు, తుడిచినయే తుడిచిండు.
కిటికీ లేని గోడ దిక్కు చూసిండు.
"ఎక్కడున్నం మనం?" అన్నడు.
నేను వాక్యం మీద వేలు పెట్టి చూపించిన.
ఇక్కడ సార్, ఈ కామా కాడ.

అది పెట్టిన ఆటల.
కత్తి పాఠం నడుమ గురువు ఆగుతడు.
కొండ దిక్కు చూస్తడు, నాలుగు సెకన్లు.
"ఎక్కడున్నం మనం?"
మౌనానికి డబ్బింగ్ ఖర్చు ఉండదు గనుక
విక్రాంత్ ఏమనలేదు.

సోమవారం నాచారం నుంచి టెస్టింగ్ పిలగాడు జునైద్
రిపోర్టు పంపిండు:
గురువు నడుమల హ్యాంగ్ అయితుండు.
నాలుగు సెకన్లు. స్కిప్ నొక్కినా కదుల్తలేడు.
తీవ్రత: తక్కువ.

జవాబు గడిలో చాలా రాసి, అప్పులన్నీ కొట్టేసిన.
మిగిలింది ఒకటే లైను:
అక్కడ స్కిప్ తీసేసింది నేనే.

పది నిమిషాలకు మళ్లొక మెసేజి.
సరే మేడం.
కానీ ఆ కొండ మీద ఆయనకు ఏం కనవడుతున్నది?