పేరు వేరు

తుర్కు నగరంలో, నది వైపు కిటికీ ఉన్న మూడో అంతస్తు గదిలో
ఎదురెదురుగా రెండు కుర్చీలు. నడుమ నాదొకటి.
ఒకే అండం చీలి పుట్టినవాళ్ళు
ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే
గంటకింతని జీతమిచ్చి నన్ను పిలవాలి.

ఔనేకి ఫిన్నిష్ తప్ప రాదు.
గున్‌వోర్‌కి స్వీడిష్ తప్ప రాదు.
ఇద్దరూ దగ్గుతారు.
దగ్గుని నేను అనువదించను.

యుద్ధం నాటి మాట. ఆరేళ్ళ పిల్లల మెడల్లో అట్టముక్కలు,
వాటి మీద అంకెలు. రైలు సముద్రం అవతలి దేశానికి.
ఒకతి ఎక్కింది.
రెండోదానికి ఆ ఉదయమే తట్టు పోసింది.
జన్యువు కాదు, పెంపకం కాదు,
థర్మామీటర్‌లో రెండు గీతల పాదరసం
ఒకర్ని ఇక్కడ ఉంచేసింది.

అక్కడ హిల్కా గున్‌వోర్ అయింది,
రొట్టెల కొట్టువాళ్ళ పిల్ల అయింది.
ఇక్కడ ఔనే
నాన్న తిరిగిరాని ఇంట్లో, రంపపు మిల్లు పొట్టు వాసనలో
ఔనేగానే మిగిలింది.
ఇప్పుడు ఇద్దరికీ నలభై అయిదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఒక సామెత.
ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని దాని పక్కింటి సామెత.
నేను రెండూ నమ్ముతాను, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.
డాక్టర్ తూలిక్కి రౌతవారా మాత్రం
రెంటినీ కాగితం మీద కూర్చోబెట్టి
ప్రశ్నకో సంఖ్య వేస్తుంది.

కొత్తవాళ్ళ మధ్య మీకు ఇబ్బందిగా ఉంటుందా?
ఎప్పుడూ. అప్పుడప్పుడు. అసలుండదు.
ఇద్దరూ "అప్పుడప్పుడు" మీద టిక్కు పెట్టారు,
ఇద్దరూ కాగితం మూల మడిచారు,
కుడి మూల, లోపలికి.
నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

డాక్టర్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంది:
"రెండొందల ప్రశ్నలడిగితే
బస్సులో నీ పక్కన కూర్చున్నవాడితోనూ ఏదో ఒకటి కలుస్తుంది.
ఒక్క జంట అంటే కథ. నాకు కథ వద్దు.
ఒకే అండం జంటలు, రెండండాల జంటలు,
కలిసి పెరిగినవాళ్ళు, విడిపోయినవాళ్ళు,
వందలకొద్దీ కావాలి.
ఎవరు ఎవరికెంత దగ్గరో అప్పుడు చూస్తాను."

గున్‌వోర్ అడిగింది, నా నోటితో:
"నా కోపంలో అమ్మది ఎంత? కొట్టుది ఎంత?"
"ఆ లెక్క మీది కాదు. గుంపులో మనిషికీ మనిషికీ మధ్య
తేడా ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే నా లెక్క.
ఒక్క మనిషిని కోసి చూపించదు."
గున్‌వోర్ కాసేపు ఆలోచించింది.
"అయితే రొట్టెలో పిండి ఎంత, పొయ్యి ఎంత అని
అడిగానన్నమాట."
డాక్టర్ ఆ మాట రాసుకుంది,
గళ్ళలో కాదు, అంచున.

*

కాఫీ వేళ ఔనే సంచిలోంచి రేకుడబ్బా తీసింది.
అడుగున రై పిండి ముద్ద, పుల్లటి వాసన.
అమ్మ చేతి పులుపు,
వాడినప్పుడల్లా పిడికెడు మిగిల్చి
ఇన్నేళ్ళూ చావనివ్వలేదు.
"దీన్నేమంటారు?" అంది గున్‌వోర్.

నాకు గొంతు పట్టేసింది.
ఫిన్నిష్‌లో దీని పేరు వేరు,
చెట్టుకుండే వేరే.
స్వీడిష్‌లో దీని పేరు వేరు.

పేరు చెప్పడం మానేసి
వాడే పద్ధతి చెప్పాను.

మూడు వారాలకి ఫోను. ఒక చెవికి గున్‌వోర్,
పక్కన నా వంటింట్లో ఔనే.
"రొట్టె పొంగింది. కానీ ఆ పులుపు రాలేదు,
మావాళ్ళ రొట్టెలాగే వచ్చింది."
ఔనే చాలాసేపు పలకలేదు. తర్వాత అడిగింది:
"ఏ నీళ్ళు పోశావు?"

అనువదించాను.
ఆ ప్రశ్నకి ఫారంలో గడి లేదు,
నాకు జీతమూ లేదు.
బావి నీళ్ళా కుళాయి నీళ్ళా అని
అక్కాచెల్లెళ్ళు గంటసేపు పోట్లాడుకున్నారు.