ఎడమ చెవి వైపు కుర్చీ

నరీన్ ఊరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో
పద్దెనిమిదేళ్లు పనిచేశాను.
అక్కడ మొదటి పాఠం:
తీగ కలిపాక హెడ్‌ఫోన్ తీసెయ్యాలి, వినకూడదు.
వినకుండా ఉన్నందుకే జీతం.
ఇప్పుడు ఆసుపత్రి వెనక గదిలో
వింటున్నందుకు ఇస్తున్నారు.
మధ్యలో కుడి చెవి పోయింది.

అందుకే వచ్చినవాళ్ల కుర్చీ
నాకు ఎడమ పక్కన వేయిస్తాను.
ఎదురెదురుగా కూర్చోం. ఇద్దరం
కిటికీలోంచి ఒకే కొండను చూస్తాం.
శిక్షణలో దీన్ని గొప్ప మెళకువ అనుకుని
అందరూ రాసుకున్నారు.
చెవి సంగతి నేను చెప్పలేదు.

తొక్తోసున్ గొర్రెల కాపరి.
నిద్ర పట్టడం లేదని డాక్టరు పంపాడు.
టోపీ మోకాలి మీద పెట్టుకుని
గంటసేపు గుర్రం గురించి చెప్పాడు.
ముందు కాలి గిట్ట చీలింది,
లాడం నిలవడం లేదు, మేకు పట్టడం లేదు.
నేను ఊ కొట్టాను.
ఊ, చెప్పు అనే ఊ ఒకటుంటుంది.
ఊ, ఇక చాలు అనే ఊ ఇంకొకటి.
తేడా చెప్పేవాడికి తెలుస్తుంది,
కొట్టేవాడికి తెలియదు.
ఆ రోజు నాది రెండోది అయి ఉంటుంది.
ఆఖర్న "మీ బాధ నాకు అర్థమైంది" అన్నాను.
అతను లేచి టోపీ పెట్టుకున్నాడు.
"గిట్టల సంగతి మీకు తెలుసా?"
నిజమే. నాకేం తెలుసు?

మళ్లీ గురువారం వస్తాడనుకోలేదు. వచ్చాడు.
మా దగ్గర అతిథికి టీ సగమే పోస్తారు.
నిండుగా పోస్తే, తాగి బయల్దేరమని.
సగం పోసి, అయిపోతే మళ్లీ సగం, మళ్లీ.
ఆ రోజు నా మాటల్నీ అలాగే పోశాను.
"చీలింది" అంటే
"చీలిందా" అని ఊరుకున్నాను.
ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు,
నాలిక చివర బారులు తీరాయి.
ఒక్కొక్కటే మింగాను. వెలక్కాయల్లా దిగాయి.

"కనుమ దగ్గర చీలింది."
"కనుమ దగ్గర."
"మంచు అప్పుడే కదిలింది."

పొయ్యిలో బొగ్గు ఒకటి పేలింది.
నాలో పాత ఆపరేటరు లేచి
లైను కలిసింది, నువ్వు తప్పుకో అంది.
తప్పుకున్నాను. కుర్చీలోంచి మాత్రం కాదు.

"తాడు నా చేతిలోనే ఉంది" అన్నాడు.
తాడుకు అటు కొసన గుర్రం లేదు.
తమ్ముడున్నాడు. సగిన్‌బెక్. ఇరవై రెండేళ్లు.
గుర్రం కుంటుకుంటూ ఇల్లు చేరింది.

నీ తప్పు కాదని ఊరంతా చెప్పిందట.
సమాధి దగ్గర ముల్లా చెప్పాడు,
మేనమామ చెప్పాడు, ఆఖరికి ట్రాక్టరు డ్రైవరు.
అందరూ ఆ మాటతో తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు.
నా నోట్లోనూ అదే మాట, తడిగా, సిద్ధంగా.
అనేస్తే హాయి. నాకు.

"ఏ చేత్తో పట్టుకున్నారు?" అని అడిగాను.
ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలీదు,
శిక్షణ కాగితాల్లో అలాంటి ప్రశ్న లేదు.
కుడిచేయి తెచ్చి బల్ల మీద పెట్టాడు,
ఎవరి వస్తువో అప్పగిస్తున్నట్టు.
అరచేతికి అడ్డంగా తాడు కోసి మానిన గీత.
తేలిగ్గా వదిలేసిన చేతికి అంత లోతున పడదు.
ఆ మాట నేను అనలేదు.
అతనే చూసుకుంటున్నాడు.

ఎంతసేపో. గడియారం నా కుడి పక్కన ఉంటుంది,
దాని టిక్కుటిక్కు నాకు వినపడదు.
టీ మీద తొరక కట్టింది.

నిద్ర పడుతోందో లేదో నేను అడగలేదు, అతను చెప్పలేదు.
రిజిస్టరులో "మెరుగు" అనే గడి ఖాళీగా ఉంది.
ఏదో ఒకటి రాయమని జమీరా పోరుతోంది.

మొన్న గురువారం ఎండిన పెరుగుండల సంచితో వచ్చాడు.
కూర్చుని, టోపీ తీసి,
"గిట్ట మళ్లీ చీలింది" అన్నాడు.
నేను సగం టీ పోసి
ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గాను.
చాలాసేపు విన్నాను.
ఈసారి అది ఒట్టి గిట్టే.
మంచి లాడాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.