ఫరక్

మిర్యాలగూడ. మిల్లు కాటా గది.
కీబోర్డు సందుల్ల ఊక.
వానకాలం నడిచిన ప్రోగ్రాం ఒకటి,
ఈ యాసంగిది ఇంకొకటి.
నల్ల తెర మీద డిఫ్ అని కొట్టి
రెండు ఫైళ్ల పేర్లు పక్కపక్కన పెట్టిన.

పన్నెండు వందల వరుసలు.
కలిసినవాటి ఊసెత్తదు అది.
చేటలో వేలికి రాయి తగిలినట్టు
నాలుగు వందల పదిహేడు దగ్గర ఆగింది:

− తరుగు = 2
+ తరుగు = 5

అంతే.
క్వింటాలుకు మూడు కిలోలు.
మార్చినోని పేరు లేదు.
ఫైలు మీద తారీకు మాత్రం ఉన్నది,
కొనుగోళ్లు మొదలయ్యే ముందటి రాత్రి.

గుమస్తా జానయ్య తెర దిక్కు చూడడు.
"చాయ్ తెప్పియ్యాల్నా మేడం?"

బయట ట్రాక్టర్ల వరుసలో ధీరావత్ దస్రు.
ఇంటికాడ తూస్తే ఒక లెక్క, ఈడ ఒక లెక్క అని
మూడు రోజుల నుంచి ఒక్కడే అంటున్నడు.
కిటికీ చువ్వలు పట్టుకొని అడిగిండు:
"ఏమన్న ఫరక్ కనవడ్డదా బిడ్డా?"

ప్రింటు తీసిన.
కాగితమంతా తెల్లగ, నడుమ రెండు వరుసలు.
ఈ కాటా మీద పెడితే సున్నా చూపిస్తది.

దస్రు దాన్ని
రెండు చేతులతోని పట్టుకున్నడు.