పొగ లేని ఇల్లు

సెయింట్ జాన్ నది గడ్డకట్టి పదో రోజు.
బయట సున్నాకి ముప్పై కింద.
కొత్త పొయ్యికి నేనింకా కొత్త.

బిగించి వెళ్లిన జెర్మేన్ కుర్రాడు చెప్పాడు:
"ముందు గాలిని పూర్తిగా వదులు.
మంట ఎగరనీ, గొట్టం గర్జించనీ.
ముల్లు అయిదువందలు దాటాకే
పక్కదారి మూసి పొగని జల్లెడలోకి మళ్లించు.
ఆ తర్వాత గాలి తగ్గించు,
పాలు పొంగకుండా సెగ తగ్గించినట్టు."

నేను తొందరమనిషిని.
మొదటి రాత్రి మీట ఒక్కసారే నొక్కేశాను.
మంట నాలుక కరుచుకుంది.
దుంగలు ఉడుకుమోతుల్లా లోలోపల కుమిలాయి.
అద్దం నల్లబడింది. గొట్టం అతుకు దగ్గర
తారులాంటి చుక్క ఒకటి.

రెండో రాత్రి భయపడి బార్లా తెరిచాను.
ఎంత వెలుగు! ఎంత హోరు!
రెండేళ్లు ఆరబెట్టిన మేపుల్ దుంగలతో
ఆ రాత్రి చుక్కలు చలికాచుకున్నాయి.
తెల్లారేసరికి నాకు మిగిలింది బూడిద.

మూడో వారానికి చేతికి తెలిసింది:
తలుపు అంచున డాలరు నోటు పెట్టి లాగితే
జారి రాకూడదని,
నది మీద గాలి లేచిన రాత్రి
మీట ఒక వెంట్రుకవాసి కిందికని,
మంచు కరిగే మబ్బు రోజున
ఇంకో వెంట్రుకవాసి పైకని.

అప్పుడు చూశాను.
మంట లేదు.
దుంగ నల్లగా, తీరిగ్గా పడుకుని ఉంది.
పైన తేనెపట్టులాంటి పింగాణీ గదుల్లో
పొగే కాలుతోంది,
దానిమ్మగింజల ఎరుపులో, చప్పుడు లేకుండా.
ఇల్లంతా ఇంత వెచ్చన
మంట ఎగిరిన రాత్రి కూడా లేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
పొగ రాకపోతే నిప్పే లేదనుకోవడం మటుకు పొరపాటు.
ఆ పొరపాటే చేశాడు ఒనెజీమ్ డేగల్.

తొమ్మిదేళ్లుగా మాటల్లేవు మాకు,
అతని మంచు తోసే బండి
నా కంచె విరిచిన నాటినుంచి.
ఆ ఉదయం నా గొట్టం మీద వట్టి నీలం చూసి
మోకాలిలోతు మంచులో
ఒక్క చేతికే తొడుగుతో వచ్చి
తలుపు బాదాడు.

తీశాను. గడప మీదే ఉండిపోయాడు,
నోటినిండా తెల్లటి ఆవిరి.
"పొగ లేదు," అన్నాడు.
"ఉండదు," అన్నాను.

చలంతా లోపలికొస్తోంది.
అతను ముందుకీ రాడు, వెనక్కీ పోడు.
నా వెనక పొయ్యి ఇనుము
ఎక్కడో చిన్నగా టిక్కుమంది.

"తలుపు వెయ్యి," అన్నాను,
"నువ్వు ఏ పక్కనున్నా సరే."