కొలత తప్పిన నీడ

గ్రాఫ్టన్‌లో రోళ్లు పగిలేది జనవరిలో.
పెరట్లో గుంట
(గుంటే, కొలను అంటే ఈనిడ్ నవ్వుతుంది)
అటు తొమ్మిదడుగులు, ఇటు ఆరు.
నీళ్లు పెసరకట్టు రంగుకి తిరిగాయి.
ముందు మెడకింద మచ్చ ఉన్న చేప తేలింది,
మర్నాడు, ఎప్పుడూ దాని వెనకాలే తిరిగేది.
పారతో మట్టి కప్పుతూ అన్నాను:
"పందిరి నేను వేస్తా. తీగ ఏదో నువ్వు చెప్పు."

చలికాలమంతా చెబుతూనే ఉంది.

రైల్వేవాళ్లు పారేసిన గొట్టాలు తెచ్చి పాతాను.
ముప్ఫై ఏళ్లు సిగ్నళ్లు చూసినవాణ్ణి,
నిట్రాట వంకరగా ఉంటే నాకు నిద్ర పట్టదు.

విస్టీరియా అంది మొదట.
ఊదా గుత్తులు నీళ్లకి వంగి చూసుకుంటాయట.
నిజమే, రెండు వారాల వైభోగం.
ఆ తర్వాత ఇనుపగొట్టాన్ని
తడి తువ్వాలులా పిండేస్తుంది. గింజలు విషం.
కాగితంపూలా? ముళ్లు సరే,
రాలిన రేకలన్నీ పంపు గొంతులో అడ్డం పడవూ?
ద్రాక్ష అన్నాను నేను.
మే నెలకల్లా ఆకు రాల్చి
చలిఎండని లోపలికి రానిచ్చే, మర్యాద తెలిసిన తీగ.
"పళ్లు నీకూ గబ్బిలాలకీ,
మరకల దుప్పట్లు నాకూనా?" అంది.

పక్కింటి డ్రాగిట్సా కంచె మీంచి తలపెట్టి
పాషన్‌ఫ్రూట్ వెయ్యండి,
వేరు కింద గొర్రె కార్జం పాతి చూడండి, అంది.
పాతాం.
తెల్లారేసరికి వాళ్ల కుక్కే
కార్జం తవ్వుకుపోయింది, మొక్కతో సహా.

అసలు తగువు తీగ గురించి కాదు.
మా కలువ వెన్నెలకి విచ్చే రకం కాదు,
రోజుకి ఆరు గంటల ఎండ లెక్కకట్టి ఇవ్వాలి.
చేపకి నీడ, పువ్వుకి ఎండ,
గుంట ఒక్కటే.
ఈనిడ్ పందిరి మీద పాత దుప్పటి ఆరేసి
గంట గంటకీ నీడ అంచున గులకరాయి పెట్టింది.
నేను రిజిస్టరు తీసి
బండ్ల రాకపోకల్లా రాసుకున్నాను.

మేమింకా కొలుస్తూండగానే
చెత్తకుప్పలోంచి ఒకటి తల ఎత్తింది.
బెంగళూరు వంకాయ. ఇక్కడ చోకో అంటాం.
నా చిన్నప్పుడు ప్రతి పెరటి మరుగుదొడ్డి మీదా పాకింది ఇదే.
చేతిలో డబ్బులాడని రోజుల కూర,
ఉడకబెడితే నీళ్ల రుచి,
ఉప్పేస్తే ఉప్పునీళ్ల రుచి.
పీకేద్దామనుకున్నాం.
అనుకున్న ఆదివారం వాన పడింది.
వచ్చే ఆదివారానికి అది గొట్టం ఎక్కేసింది.

క్రిస్మస్‌కి గుంటంతా కమ్మేసింది.
నీళ్లు తేటపడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.
కలువ మాత్రం మొగ్గ ఎత్తలేదు.
ఈనిడ్ కత్తెర తెచ్చింది,
కాసేపు నిలబడింది,
కత్తెర మళ్లీ లోపల పెట్టేసింది.

ఆ రాత్రో, ఆ మర్నాటి రాత్రో
ఒక పాసమ్ పందిరెక్కి చిగుళ్లు మేసింది.
దానికి రుచి తగిలింది, రోజూ వచ్చింది.
వారానికి చాపంత కన్నం.
అందులోంచి ఎండ దిగి
గట్టు మీద కాసేపు, నీళ్ల మీద కాసేపు నడిచి
కలువ దగ్గర రెండున్నర గంటలు ఆగింది.
రిజిస్టరులో అదే రాశాను.
ఆరు కావాలి కదా, అన్నాను.
"ఆ మాట దానికెవరు చెప్పారు?" అంది ఈనిడ్,
మోకాళ్ల మీద కూర్చుని,
గుప్పెడు కూడా లేని పువ్వుని చూస్తూ.

ఏప్రిల్లో కాయలు రాలడం మొదలైంది.
అర్ధరాత్రి, టప్పున, గుంటలోకి.
మొదట్లో చేపలు చెదిరిపోయేవి,
నేను లేచి కూర్చునేవాణ్ణి.
ఈనిడ్ లేవదు.
నిద్రలోనే "ఏడు" అని
అటు తిరిగి పడుకుంటుంది.