తడిక

జూన్ నెల. యాదమరి రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు.
పల్పు ఫ్యాక్టరీ గేటు కాడ తోతాపురి వాసన,
కొంచెం తీపి, కొంచెం పులిసిన తీపి.
కాటా గదిలో ఫ్యాను తిరగతానే వుంది గానీ
గాలి మాత్రం కిటికీ బయటే నిలబడింది.

మేనేజరు చెప్పి పోయినాడు:
"షీటు నీటుగా వుండాల సుగుణా,
హెడ్డింగులన్నీ ఇస్కూల్లో ప్రేయర్ లైను మాదిరి వుండాల.
అంతా ఒకే పేజీలో పట్టాల."

రైతు పేరు. ఊరు. బండి నంబరు. తూకం.
తరుగు. హమాలీ. అడ్వాన్సు. చేతికి.
పేర్లని ఎడమ గోడకి ఆనించినా,
అంకెల్ని కుడి గోడకి.
ఒకట్లూ పదులూ వందలూ
ఒకరి కింద ఒకరు నిలబడితేనే
తప్పు ఎక్కడుందో కంటికి తగిలేది.

ఇది నాకు కంప్యూటరు క్లాసులో చెప్పలేదు.
ధనకోటన్న చెప్పినాడు.
ఇదే కుర్చీలో, ఇనుప స్కేలూ ఎర్ర సిరా పెన్నూ,
గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు.
హెడ్డింగు రాసి, పుస్తకం చేతి దూరాన పెట్టుకొని
ముక్కుపుడక అతికిన కంసాలి మాదిరి
తల వాల్చి చూసేవాడు.

అడ్వాన్సు కింద వత్తులు సగానికి తెగినాయి.
ఈ గళ్ళు కనిపెట్టినోడికి
మన అక్షరాలకి కాళ్ళుంటాయని తెలవదు.
వరస ఎత్తు పెంచినా. కాళ్ళు చాపుకున్నాయి.

తరుగు, హమాలీ, అడ్వాన్సు, మూడింటి మీదా
"కోతలు" అని ఒకే మాట పరవాల.
ముందు మూడు గళ్ళనీ కలిపేసినా,
చూసేదానికి పందిరేసినట్టు బాగుంది.
ఊరి వరసలో సార్టు కొడితే మాత్రం
షీటు మొండికేసింది.
విడదీసినా. కలపకుండానే మాటని
నడిమికి జరిపే దారి ఇంకోటుంది.
గళ్ళు దేనికదే, పైన మాట ఒకటే,
తోడికోడళ్ళు ముగ్గురూ ఒకే కొంగు కింద
వానకి నిలబడినట్టు.

ఇంక ఒకే పేజీ.
నిలువు వరసల్ని నొక్కతా పోయినా,
నొక్కి నొక్కి ఆఖరుది బొటనవేలంత మిగిలింది.
ప్రింటు తీసినా. ప్రేయర్ లైనే.

రాత్రి పదకొండుకి కిటికీలో చెయ్యి పెట్టినాడు
గుడిపాల చెంగల్రాయలు,
రెండు రాత్రులు బండి కిందే పడుకున్నోడు,
సొన పడినట్టు కండ్లు ఎర్రగా.
కాగితం లైటు కింద పెట్టి
పేరు కాడినుంచి వేలు నడిపించినాడు.
తూకం కాడ ఆగినాడు.
తరుగు కాడ ఆగి, ఏందో గొణిగినాడు.
ఆఖరు గడి కాడ వేలు కదల్లేదు.

#####

"ఏం మేయ్, నా దుడ్డుకి తడిక కట్టినావు?"

వెనకున్నోళ్ళు కూడా వాళ్ళ కాగితాలు చూసుకున్నారు.
అందరి ఆఖరు గడికీ తడికే.
తరుగు మాత్రం పైసలతో సహా కనిపిస్తా వుంది.

"చోటు చాల్లేదన్నా, అంకె లోపలే వుంది."
"లోపలుంటే నాకేం మేయ్, బయటికి పిలువు."

గీత మీద మౌసు పెట్టి కుడికి లాగినా.
నలభై ఒక్క వేలా ఆరొందల ఇరవై.
పేజీ రెండయింది. "చేతికి" అనే హెడ్డింగు
రెండో కాగితంలో ఒంటిగా, ఎడమ మూలన పడింది.
రెండిటికీ పిన్ను కొట్టి ఇచ్చినా.

ఆయన పిన్ను పీకి
రెండోదాన్ని మాత్రం మడిచి జోబీలో పెట్టుకున్నాడు.
మొదటిది కిటికీ అంచునే వుండిపోయింది.
తర్వాతి బండాయన దాని మీద టీ గ్లాసు పెట్టినాడు.
తీసినంక చూస్తే
కోతలు మీద గుండ్రంగా తడి గుర్తు,
సరిగ్గా నడిమికి.